కోత పండగలో నేనిచ్చిన హార్మోనియం

మా చర్చిలో అందరూ అన్నీ దేవుడికి ఇచ్చేసినవాళ్ళే. సాక్ష్యాల వేళ లేచి నిలబడి ఒక్కొక్కరు అప్పగించినవాటి జాబితా వింటే, బరంపురంలో మా తెలుగు సంఘంవాళ్ళకు ఒంటిమీద బట్ట కూడా మిగిలి ఉండకూడదు. ఒకావిడ తన నోటిని ప్రభువుకు అప్పగించేసింది. అప్పగించి బయటికొచ్చి, చెప్పులు తొడుక్కునేలోపు మూడు సంసారాలు తిరగేసింది. ఒక పెద్దమనిషి కోపాన్ని సమర్పించాడు. ఆ మధ్యాహ్నమే తన స్కూటరుకు అడ్డంగా బండి పెట్టినవాణ్ణి గేటు దగ్గర పట్టుకుని వాడి తాతముత్తాతల దాకా వెళ్ళాడు. అన్నీ విడిచిపెట్టమని మూడు వారాలుగా ప్రసంగిస్తున్న అయ్యగారు మైకును మాత్రం ఒంటిగంటన్నర దాకా విడిచిపెట్టేవారు కాదు. వీళ్ళందర్నీ చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ముప్పై ఏళ్ళుగా ఆ చర్చిలో హార్మోనియం వాయిస్తున్నదాన్ని, ఆ మాత్రం నవ్వే హక్కు నాకుందనుకున్నాను.

ఆ పెట్టె మా అమ్మది. పాత కలకత్తా పెట్టె, టేకు చెక్క. అమ్మ వేలు ఎక్కువగా పడిన మెట్టు ఒకటి మధ్యలో కాస్త గుంటపడి ఉంటుంది. నా వేలు కూడా వెళ్ళి అందులోనే పడుతుంది. వానాకాలంలో ఒక నల్లమెట్టు దిగబడి పైకి లేవదు, గోటితో ఎత్తాలి. దాని గుణాలు నాకు తెలిసినంతగా మా ఆయన గుణాలు కూడా తెలియవు. హల్దియాపదర్‌లో మా ఇంటినుంచి ఆదివారం ఆదివారం ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చేదాన్ని. చర్చిలోనే ఉంచమని పెద్దలు ఎన్నిసార్లన్నా ఉంచలేదు. ఎలకలున్నాయనేదాన్ని. ఎలకలేమీ లేవు.

ఇలా సాగుతుండగా యువజన సంఘంవాళ్ళు కీబోర్డు కొన్నారు. ఒక మీట నొక్కితే డప్పులు, ఇంకోటి నొక్కితే వయొలిన్లు. ఇక మన పెట్టె ఎవరికి వినబడుతుంది? ఒక ఆదివారం సంఘపెద్దల్లో పెద్దాయన నా పక్కకొచ్చి కూర్చుని, పరామర్శకొచ్చినవాడిలా గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, సేతులు నొప్పులంటన్నారట గదా. కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి. పిల్లలు సూసుకుంటారు."

చేతులు నొప్పులని నేను ఆయనతో అనలేదు. మా ఆయనతో అన్నాను. మా ఆయన ఊరందరితో అన్నాడన్నమాట. "హౌ", అంటే సరే, అని ఒడియాలో ఒక్క ముక్క అనేసి ఊరుకున్నాను. తెలుగులో అయితే ఇంకేమైనా వచ్చేది. ఒళ్ళు మండిపోయింది. గొంతు లేనివాళ్ళకు గొంతిచ్చి, తాళం తప్పినవాళ్ళను దారికి తెచ్చి, పెళ్ళికీ చావుకీ పెట్టె మోసుకెళ్ళి వాయించిన మనిషికా రెస్టు? అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ ఏటి కోత పండగకు ఈ హార్మోనియాన్నే దేవుడికి ఇచ్చేస్తానని.

కోత పండగ గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. కోతలయ్యాక ఒక ఆదివారం ఎవరికి పండినది వాళ్ళు తెచ్చి పరిశుద్ధ బల్ల ముందు పెడతారు. దిగపహండి వైపు పొలాలున్నవాళ్ళు కొత్త బియ్యం తెస్తారు. పొలం లేనివాళ్ళు పెరటి గుమ్మడికాయో, అరటిగెలో, కోడిపెట్టో, ఏదీ లేకపోతే పచ్చడి జాడీయో. అయ్యగారు వాటిమీద చేతులు చాపి, ప్రభువా, ఇక ఇవి మావి కావు, నీవే అని ప్రార్థిస్తారు. ఆరాధనయ్యాక అవన్నీ వరండాలో వేలం వేస్తారు, వచ్చింది చర్చి పనులకు పోతుంది. ఇంతవరకూ అన్నిచోట్లా ఉన్నదే. మా దగ్గర ఎక్కడా రాయని కట్టుబాటు ఇంకొకటుంది. ఎవరిచ్చినది వాళ్ళే పాడుకోవాలి. గుమ్మడికాయ ఇచ్చినాయన ఏదో ఒక ధర అంటాడు, మిగతావాళ్ళు పైకప్పుకేసి చూస్తారు, మూడుసార్లు పిలుస్తారు, ఆయన కాయ ఆయన సంచిలోకి వెళ్ళిపోతుంది. దేవుడికిచ్చిన పేరూ దక్కుతుంది, ఇంట్లో పులుసూ దక్కుతుంది. తెలియక ఎవరైనా ఎదుటివాళ్ళ కోడిని పాడారా, ఆ రెండిళ్ళ మధ్య క్రిస్మస్ దాకా మాటలుండవు.

కాబట్టి నా లెక్క చాలా సులువు. నేను పెట్టెను బల్ల ముందు పెడతాను. అందరూ అయ్యో అంటారు. పెద్దాయన ముఖం మాడిపోతుంది. వేలంలో మా ఆయన ఒక ధర అంటాడు, పెట్టె నా ఒళ్ళోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఇక జన్మలో ఎవడూ నా దగ్గర రెస్టు మాటెత్తడు. కొడుకును బలిపీఠం మీద పడుకోబెట్టిన ముసలాయన కథ మా బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. కొడుకుకు బదులు దేవుడు పొదలో పొట్టేలును ఉంచాడని తెలియక, ఆయన ఆ పొద వైపు చూడకుండానే కత్తి ఎత్తాడు. నేను ముందు పొదలో పొట్టేలును కట్టేసి, ఆ తర్వాత కత్తి ఎత్తాను. ఆ పొట్టేలు మా ఆయన.

ముందురోజు ఆయనకు చెబితే పేపరు పక్కన పెట్టి నావైపు చూశాడు.

"ఏటే, నిజంగా ఇచ్చీస్తావా?"

"ఇచ్చీడమేటి? మీరు పాడతారు గదా."

"నాను పాడి తెచ్చీదానికి, నువ్వు ఇవ్వడమెందుకు?"

"మీకు తెలీదు, ఊరుకోండి."

ఆయన ఊరుకున్నాడు. ఊరుకోవడంలో మా ఆయన్ని మించినవాడు గంజాం జిల్లాలో లేడు.

ఆదివారం అంతా అనుకున్నట్టే జరిగింది. పట్టుగుడ్డ కప్పి పెట్టెను తీసుకెళ్ళి గుమ్మడికాయకూ అరటిగెలకూ మధ్య పెట్టేసరికి చర్చంతా అయ్యో అంది. అయ్యగారు మైకు దగ్గరకు లాక్కున్నారు. "మన సహోదరి తన ప్రాణంలాంటిదాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టింది. చేతులు విప్పండి ప్రియులారా, పిడికిళ్ళు విప్పండి" అన్నారు. అందరూ చేతులు చాపారు. నాకు కన్నీళ్ళు ధారగా కారాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు సుమా. నా త్యాగానికి నేనే కరిగిపోయాను.

వేలం దగ్గర ఒక స్తంభం పక్కన తలవంచి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఇచ్చినదాని వైపు ఆశగా చూస్తే బాగుండదు గదా. గుమ్మడికాయ గుమ్మడికాయ యజమానికి పోయింది. బియ్యం దిగపహండి వెళ్ళిపోయింది. మా ఇంటినుంచి ఇచ్చిన కోడిపెట్టను మా ఆయన పాడుకున్నాడు. "ఇప్పుడు టీచరమ్మగారి హార్మోనియం" అన్నాడు వేలం వేస్తున్న పెద్దాయన. మా ఆయన గొంతు కోసం చూస్తున్నాను. ఎక్కడో వెనకనుంచి ఒక ఆడగొంతు ధర చెప్పింది.

ఆ గొంతు ఆర్యపల్లి ఆవిడది. ఛత్రపురం దగ్గర సముద్రపుటొడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరది. ఆమె వారమంతా బరంపురం బజారులో చేపలమ్ముతుంది. మా చర్చికి రావడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది కాలేదు. గుమ్మం పక్కన నేలమీద కూర్చుని, పాటలు మాత్రం పైకప్పు లేచిపోయేలా పాడి వెళ్ళిపోతుంది. ఎవరిది వాళ్ళే పాడుకోవాలన్న సంగతి ఆమెకు తెలియదు. తెలియాలంటే ఎవరైనా చెప్పాలి. చెప్పాలంటే ముందు ఆమెతో మాట్లాడాలి. చేపల వాసనకు మేమంతా ఆ పక్కకు పోయేవాళ్ళమే కాదు.

"ఒకటోసారి" అన్నాడు పెద్దాయన. అని సాగదీశాడు. "టీచరమ్మగారి పెట్టె... అమ్మగారి నాటి పెట్టె... ఇంకా ఒకటోసారే..."

ఒక కన్ను తెరిచాను. మా ఆయన ఉండవలసిన చోట మా ఆయన లేడు. గేటు అవతలినుంచి కోడి అరుపు వినబడుతోంది. కాళ్ళకు కట్టిన తాడు ఊడి కోడి రోడ్డెక్కింది. దాని వెనక తువ్వాలు ఊపుకుంటూ నా పొట్టేలు పరుగెత్తుతున్నాడు.

"రెండోసారి" అని పెద్దాయన నావైపే చూశాడు. పాపం, ఆయన కళ్ళల్లో పాడమ్మా, పాడు అన్న బతిమాలాట కనిపించింది. నేను పాడవచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఏ నోటితో పాడను? గంట క్రితం కారిన కన్నీళ్ళ చారలు ఇంకా చెంపలమీదే ఉన్నాయి. చుట్టూ అందరూ నా ముఖం చూస్తున్నారు. తెరిచిన కన్ను మళ్ళీ మూసేసుకున్నాను.

"ఏటి బాబూ, మూడోసారి అన్నరేటి?" అంది ఆర్యపల్లి ఆవిడ.

అన్నాడు. ఆమె రొంటిన దోపుకున్న సంచి విప్పి ఉన్నది ఇచ్చేసి, పెట్టెను గంపలా నెత్తికెత్తుకుని నా దగ్గరకు వచ్చింది.

"దేవుడు నిన్ను సల్లగా సూడాల టీచరమ్మా. ఇంత మంచి పెట్టిని ఒగ్గీడానికి ఎంత మనసుండాలి! మావోలంతా సుక్కాని నేని పడవనాగ తలోదారీ పాడతారు. ఇకనుంచి ఒక దారికొస్తారు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు. నేను కూడా అన్నాను. అప్పుడు మా ఆయన రొప్పుతూ, చంకలో కోడితో లోపలికొచ్చి "అయిపోనాదేటి?" అన్నాడు. ఆ కోడిని ఆ సాయంత్రమే కోసి కూర వండాను.

ఇక పరామర్శలు. నోరు అప్పగించినావిడ వచ్చి "ఒగ్గీయమ్మా, మనసులో ఎట్టుకోకు, దేవుడే సూసుకుంటాడు" అంది. ఆమె సంచిలోంచి తను పాడుకున్న తన పచ్చడి జాడీ మూత కనబడుతోంది. గుమ్మడికాయ ఆయన ఫోను చేసి, ఇచ్చినదాని గురించి వగచరాదని, వగస్తే దేవుడు లెక్కలోకి తీసుకోడని చెప్పాడు. ఆ వెనకే వాళ్ళింట్లో పులుసు పోపు చిటపటలు నాకు వినబడ్డాయి. అందరూ విడిచిపెట్టమనేవాళ్ళే. విడిచిపెట్టించేటప్పుడు మనుషులకు ఎంత ఉదారత వస్తుందో! ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు. చెప్పుకుంటే సిగ్గు, ఖాళీగా ఉన్న పెట్టె పీట చూసి అమ్మ చచ్చిపోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చాను.

పదో రోజున ఛత్రపురం బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో ఆర్యపల్లి వెళ్ళాను. ఉత్తచేతులతో వెళితే బాగుండదని మందపాటి గుడ్డతో పెట్టెకు ఒక గలేబు కుట్టి పట్టుకెళ్ళాను. ఉప్పుగాలికి లోపల రీడ్లు తుప్పుపడతాయి, అది చెప్పడానికే వచ్చానని ఆటోలో నాలుగుసార్లు వల్లెవేసుకున్నాను. ఇంటిముందు ఇసకలో వలలు, పందిళ్ళమీద చేపలు ఎండుతున్నాయి. వాకిలి దాటగానే ఎండుచేపల గంపలు, ఆ గంపల పైన బల్లచెక్క, ఆ చెక్కమీద మా అమ్మ హార్మోనియం!

"ఇక్కడ పెట్టావేమమ్మా?"

"ఇల్లంతటికీ పొడినేల అదేనమ్మా. సేపలకి, దేవుడి పెట్టికి, రెంటికీ తడి తగలకూడదు గదా."

వాయించి చూపించమన్నాను. ఆమెకు వాయించడం రాదు. ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ, రెండో చేత్తో ఒకే ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని, ఆ ఒక్క స్వరంమీద పాటంతా పాడేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు వచ్చి చుట్టూ చేరారు. అందరూ ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని శ్రుతి తప్పకుండా పాడారు. మా చర్చిలో ముప్పై ఏళ్ళు రెండు చేతులతో వాయించినా నాకు దొరకని శ్రుతి అది. అది వినగానే సంతోషించాలి గదా? నాకు ఇంకా మండింది. నొక్కినది మా అమ్మ గుంట పెట్టిన మెట్టే.

"తక్కినవి కూడా నేర్పుతాను" అన్నాను.

"నాకొక్కటి సాలమ్మా" అంది.

ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి నాఫ్తలీన్ ఉండలు తీసుకెళ్ళాను, ఒకసారి దిగబడే నల్లమెట్టును ఎలా ఎత్తాలో చూపించడానికి వెళ్ళాను. ఆమె నల్లమెట్ల జోలికే పోదని తెలిసీ వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా టీ ఇచ్చి, బలవంతంగా ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చేది. మా ఆయన ఆ పొట్లాలు విప్పి వాసన చూసి "నువ్విచ్చింది దేవుడికి, ఆడు పంపిస్తంది శుఖువా" అని ఒడియా పేరు పెట్టి ఎండుచేపల్ని మెచ్చుకునేవాడు. అక్కడ చర్చిలో మాత్రం నా పేరు మారుమోగిపోతోంది. అయ్యగారు ప్రసంగంలో రెండుసార్లు నన్ను ఉదాహరణగా చెప్పారు. సమర్పణ అంటే ఏమిటో మన సహోదరిని చూసి నేర్చుకోండి అన్న రోజున, నా సంచిలో మర్నాటి ఛత్రపురం బస్సు వేళలు రాసుకున్న కాగితముంది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు సాకులేమీ మిగల్లేదు. ఆమె పందిరి దగ్గర చేపలు తిరగేస్తోంది. నేను పక్కన నిలబడి చీర చెంగు మెలితిప్పుకుంటూ, మా అమ్మ గురించి మొదలుపెట్టి, చేతి నొప్పుల గురించి చెప్పి, కీబోర్డు గురించి చెప్పి, చివరకు అసలు మాటకొచ్చాను. మా కట్టుబాటు కూడా చెప్పాను. ఎవరిది వాళ్ళే పాడుకోవడం మా అలవాటనీ, మా ఆయన పాడవలసిందనీ, కోడి పారిపోయిందనీ. చెబుతుంటే నాకే వినడానికి అసహ్యంగా ఉంది. ఆమె చేప తిరగెయ్యడం ఆపి వింది.

"అయ్యో అమ్మా, అట్టుకెల్లు" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నీ డబ్బు నేనిస్తాను."

"నాను దేవుడి కాడ ఎట్టినాను, నీ కాడ ఎట్నేదు. నువ్వెందుకిస్తావు?"

"మరి మీ పాటలకు?"

"నోరుంది గదా." మళ్ళీ చేపవైపు వంగి, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అంది. "దేవుడిదనుకుని పాడినాను టీచరమ్మా. నీదని తెలస్తే నాను పాడుదునా?"

నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఆమె కొట్టలేదు కూడా. నిజంగానే తెలియక, నిజంగానే నొచ్చుకుని అంది. అప్పుడైనా నేను వద్దమ్మా, ఉండనీ అనవలసింది. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె అప్పటికే చేతులు కడుక్కుని, పెట్టెను చెంగుతో తుడిచి, నా గలేబు తొడిగి, నెత్తికెత్తుకుని ఆటో దాకా నడిచింది. వెనకాల నేను, దొంగలు ఎత్తుకుపోయిన సొమ్ము మళ్ళీ దొరికినదానిలా, బొమ్మలా నడిచాను. పెట్టెను నా ఒళ్ళో పెట్టి "బద్రం అమ్మా, గతుకులు" అంది. బరంపురం దాకా రెండు చేతులూ దానిమీదే పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన పెట్టెనూ నన్నూ చూశాడు. "నీ సమర్పణ బస్సెక్కి తిరిగొచ్చీసిందేటి?" అన్నాడు. జీవితంలో ఆయన ఊరుకోవలసిన సమయమంటూ ఒకటుంటే అదే, అప్పుడు ఊరుకోలేదు.

ఆదివారం చర్చికి తీసుకెళ్ళాను. ఆర్యపల్లి సహోదరి ప్రేమతో తిరిగిచ్చిందని అయ్యగారు ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు, నా త్యాగానికి దేవుడిచ్చిన బహుమానమన్నారు. మొదటి పాట నాకిచ్చారు. మాదంటూ ఏదీ లేదు, అంతా నీదే అన్న అర్థం వచ్చే పాట. తిత్తి లాగాను. గుప్పున ఎండుచేపల వాసన!

రెండోసారి లాగితే రెండింతలు కొట్టింది. ఆర్యపల్లి గంపలమీద ఉన్నన్నాళ్ళూ పీల్చుకున్న గాలినంతా ఆ పెట్టె నా ముఖాన వదులుతోంది. ముందు వరసలో చీర చెంగులు ముక్కులమీదికెళ్ళాయి. కీబోర్డు పిల్లలు కిసుక్కున నవ్వారు. నోరు అప్పగించినావిడ "ఏటమ్మా ఈ కంపు" అని పక్కావిడ చెవిలో చర్చంతటికీ వినబడేలా అంది. వెనక గుమ్మం పక్కన నేలమీద మాత్రం ఒక్క గొంతు ఏమీ ఎరగనట్టు, ఏమీ పోనట్టు, పైకప్పు లేచిపోయేలా పాడుతోంది. దేనికోసమూ చూడని గొంతు. ఆ చర్చిలో ఇచ్చేసింది అన్న మాటకు తగిన మనిషి ఆమె ఒక్కతే. అదీ రెండుసార్లు ఇచ్చింది, ఒకసారి దేవుడికి, ఒకసారి నాకు.

ఎండలో పెట్టాను, సాంబ్రాణి వేశాను, అత్తరు దూదులు పెట్టాను. వాసన పోలేదు. పెట్టె నా దగ్గరే ఉంది, ఈ వారం కూడా వాయించాను. వాయించే ముందు ప్రతిసారీ తలవంచి నిజాయితీగానే ప్రార్థిస్తాను. ప్రభువా, ఇది నాది కాదు, నువ్వే తీసుకో అంటాను. అని, నిజంగా తీసేసుకుంటాడేమోనని, రెండు చేతులూ పెట్టెమీదే ఉంచుతాను.